స్టాండర్డ్ లైబ్రరీలో క్రిప్టోగ్రఫీ ఉండాలా? ఉంటే ఎంతవరకు?

ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే కోడ్‌ని స్టాండర్డ్ లైబ్రరీ అంటాం. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పైథాన్‌తో పాటు హ్యాష్‌లిబ్ (డేటాకి వేలిముద్ర లాంటి హ్యాష్ తీసేది), హెచ్‌మ్యాక్ (కీతో సీలు వేసేది), ఎస్‌ఎస్‌ఎల్ (సర్వర్‌తో భద్రంగా మాట్లాడేది) వస్తాయి, డేటాని కీతో మూసే ఏఈఎస్ మాత్రం రాదు. గోలో ఏఈఎస్ దగ్గర్నుంచి టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే పద్ధతి) దాకా అన్నీ భాషతోనే వస్తాయి. రస్ట్‌లో ఏదీ రాదు, ఒక రాండమ్ నంబరు కావాలన్నా బయటి క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) తెచ్చుకోవాల్సిందే. వీళ్లలో ఎవరి పద్ధతి సరైనది? దానికి తోడు మీ ఆఫీసులో బయటి ప్యాకేజీలు వేసుకోనివ్వరు కాబట్టి హ్యాష్‌లిబ్‌లో ఉన్న షా-256తోనే సొంతంగా ఎన్‌క్రిప్షన్ రాసేద్దామని మీ సీనియర్ అంటున్నారు.

సీనియర్ గారి ఆలోచన సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు ప్రశ్న.

ఉండాలి అనేదే నా జవాబు. కాకపోతే అక్కడ పెట్టాల్సినవి పనులు. "ఈ పాస్‌వర్డ్ దాచు", "ఎవరూ ఊహించలేని టోకెన్ ఒకటి ఇవ్వు", "ఈ సర్వర్‌తో భద్రంగా మాట్లాడు", "ఈ బైట్లకి సీలు వేయి" అనేవి పనులు. ఏఈఎస్, సీబీసీ (ఏఈఎస్‌ని నడిపే ఒక తీరు), ఎండీ5 (పాత హ్యాష్) లాంటివి పనిముట్లు. పని పేరుతో పెట్టినదాన్ని లోపల ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పనిముట్టు పేరుతో పెట్టింది తుప్పు పట్టిపోయినా అక్కడే పడి ఉంటుంది, ఎందుకంటే దాన్ని తీసేస్తే ఎవరిదో ఒకరి కోడ్ ఆగిపోతుంది. నేను ఈ అభిప్రాయానికి పుస్తకాలు చదివి రాలేదు, పీహెచ్‌పీ అనే వెబ్ భాష దెబ్బ తిని వచ్చాను.

2018 నాటి మాట. హైదరాబాద్‌లో మేము ఒక ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లం. పీహెచ్‌పీ 5.6కి ఆ డిసెంబరుతో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతున్నాయని 7.2కి మారదామనుకున్నాం. టెస్ట్ సర్వర్‌లో పేషెంట్ పేజీ తెరవగానే ఫేటల్ ఎర్రర్: ఎమ్‌క్రిప్ట్_డిక్రిప్ట్ అనే ఫంక్షనే లేదట. పీహెచ్‌పీతో వచ్చే ఎన్‌క్రిప్షన్ భాగమైన ఎమ్‌క్రిప్ట్‌ని 7.1లో వద్దని చెప్పి, 7.2లో తీసేశారు. పోనీలే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫంక్షన్లు ఉన్నాయి కదా అని పాత కోడ్ చూశాం. అందులో ఎమ్‌క్రిప్ట్_రైన్‌డాల్_256 అని ఉంది. ఏఈఎస్ అంటే రైన్‌డాలే కాబట్టి ఇది ఏఈఎస్-256 అనుకుని మార్చాం. ఏదీ తెరుచుకోలేదు. కీ తప్పేమో అని ఒక రోజు, ఎన్‌కోడింగ్ తప్పేమో అని ఇంకో రోజు పోయింది.

తప్పు ఆ 256లో ఉంది. ఏఈఎస్-256 అన్నప్పుడు 256 అనేది కీ పొడవు, బ్లాక్ (ఒక్కసారికి తీసుకునే డేటా ముక్క) మాత్రం ఎప్పుడూ 128 బిట్లే. ఎమ్‌క్రిప్ట్ పేరులోని 256 బ్లాక్ పొడవు. అంటే మా డేటా ఉన్నది ఏఈఎస్‌లోనే కాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అసలు పట్టించుకోని దాని అన్నయ్యలో. చివరికి 7.1 ఉన్న సర్వర్ ఒకటి లేపి, రాత్రంతా స్క్రిప్టు నడిపి, ప్రతి వరుసనీ పాతదానితో విప్పి కొత్తదానితో మూశాం.

తెల్లారి ఇంకో ఫోను. రిసెప్షన్‌లో "లక్ష్మి" అని వెతికితే ఎవరూ దొరకడం లేదు, లిస్టులో చూస్తే మాత్రం లక్ష్మి కళ్లెదుటే ఉంది. తెలుగులో ఆ పేరు ఏడు కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడి గుర్తులు), ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. స్ట్రింగ్ పొడవు అడిగితే 32 అంటోంది. 256 బిట్ల, అంటే 32 బైట్ల, బ్లాక్ నిండడానికి ఎమ్‌క్రిప్ట్ వెనకాల సున్నా బైట్లు పెడుతుంది, విప్పినప్పుడు వాటిని తీయదు. పాత కోడ్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఆర్‌ట్రిమ్ (చివరి ఖాళీలు, సున్నా బైట్లు తీసే ఫంక్షను) పెట్టాడు. రాత్రి స్క్రిప్టులో మేం పెట్టలేదు. ఆ పదకొండు సున్నాలూ పేరులో భాగమైపోయి కొత్త ఎన్‌క్రిప్షన్‌లోకి కూడా వెళ్లిపోయాయి.

మరి ఇంత ముఖ్యమైన చోట ఎమ్‌క్రిప్ట్ ఎందుకు వాడారు? మాన్యువల్లో ఉంది కాబట్టి. దాని వెనకున్న సీ లైబ్రరీకి 2007 తర్వాత కొత్త వెర్షనే రాలేదు. అయినా 2017 నవంబరులో 7.2 వచ్చేదాకా అది పీహెచ్‌పీతోనే తిరిగింది. భాషతో వచ్చిందంటే ఎవరో పెద్దవాళ్లు చూసే ఉంటారని మనందరి నమ్మకం. స్టాండర్డ్ లైబ్రరీకి ఉన్న అసలు బలం అదే, ప్రమాదమూ అదే. అక్కడ పెట్టడమంటే ముద్ర వేసి ఇవ్వడం, ఆ ముద్ర మీద గడువు తేదీ ఉండదు.

అదే పీహెచ్‌పీ నుంచే నాకు నచ్చిన ఉదాహరణ చెప్తాను. 2013లో 5.5తో పాస్‌వర్డ్_హ్యాష్ వచ్చింది. దానికి పాస్‌వర్డ్ ఇచ్చి, పద్ధతి ఏదంటే "డిఫాల్ట్" అని చెప్తే చాలు. సాల్ట్ (పాస్‌వర్డ్‌కి కలిపే రాండమ్ ముక్క) అదే తయారుచేసుకుంటుంది. బయటికొచ్చే 60 అక్షరాల స్ట్రింగ్‌ని ఒకసారి కళ్లతో చూడండి: మొదట డాలర్ గుర్తు, 2వై, మళ్లీ డాలర్, 10, మళ్లీ డాలర్, తర్వాత సాల్ట్, హ్యాష్. అంటే ఏ పద్ధతితో, ఎంత కష్టపెట్టి చేశారో ఆ స్ట్రింగ్ తనే చెప్తుంది. 2024 నవంబరులో 8.4 వచ్చినప్పుడు ఆ 10ని 12 చేశారు. ఒక్కో అంకెకి పని రెట్టింపవుతుంది కాబట్టి దొంగకి నాలుగింతల కష్టం. మన కోడ్‌లో ఒక్క లైను మార్చక్కర్లేదు. పాత యూజర్ లాగిన్ అయినప్పుడు "దీన్ని మళ్లీ హ్యాష్ చేయాలా" అని అడిగే ఫంక్షను కూడా పక్కనే ఉంది. మాన్యువల్ 255 అక్షరాల కాలమ్ పెట్టుకోమంటుంది, అది విని తీరాలి. మావాడొకడు 50 పెట్టాడు. మైఎస్‌క్యూఎల్ పాత సెట్టింగులో మిగతాది కోసేసి నోరు మెదపలేదు, మర్నాడు కొత్త యూజర్లు ఒక్కరూ లోపలికి రాలేకపోయారు.

ఇప్పుడు దీని పక్కన జావాని పెట్టి చూడండి. సైఫర్ (ఎన్‌క్రిప్షన్ పనిముట్టు) కావాలని అడిగి పేరు దగ్గర ఊరికే "ఏఈఎస్" అని ఇస్తే, మామూలుగా జావాతో వచ్చే ప్రొవైడర్ ఈసీబీ మోడ్‌లో ఇస్తుంది. ఈసీబీలో ఒకే 16 బైట్లు ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే సమాధానం వస్తుంది. బ్లడ్ గ్రూప్ కాలమ్‌ని అలా ఎన్‌క్రిప్ట్ చేశారనుకోండి. వేల వరుసల్లోనూ ఎనిమిది రకాల స్ట్రింగులే కనిపిస్తాయి. ఏ గ్రూపు ఎక్కువమందికి ఉంటుందో, ఏది అరుదో తెలిసినవాడికి కీ అక్కర్లేదు, లెక్కపెట్టుకుంటే చాలు. ఇది చెడ్డ డిఫాల్ట్ అని అందరికీ తెలుసు. మార్చలేరు, ఎందుకంటే ప్రపంచమంతటా ఆ డిఫాల్ట్‌తో మూసిన డేటా రేపు తెరుచుకోదు. ఇక 2018 జనవరికి ముందు జావా 8 వాడినవాళ్లకి "ఇల్లీగల్ కీ సైజ్" గుర్తుండే ఉంటుంది. కొన్ని దేశాల దిగుమతి నిబంధనల పుణ్యమా అని 128 బిట్లు దాటిన ఏఈఎస్ కీ వాడాలంటే వేరే పాలసీ ఫైళ్లు దించి జేఆర్‌ఈ (జావా ప్రోగ్రాముల్ని నడిపేది) ఫోల్డర్‌లో పెట్టాల్సొచ్చేది. స్టాండర్డ్ లైబ్రరీలో ఉంటే ఒక దేశపు చట్టం కూడా భాషతో పాటే ప్రయాణం చేస్తుంది.

అయితే అన్నీ బయటే పెట్టేద్దాం, రస్ట్‌వాళ్లే నయం అంటారా? వాళ్ల వాదనలో బలం ఉంది. భాష రిలీజులు నిదానంగా వస్తాయి, భద్రతా లోపాలు ఆగవు. దీనికి పైథాన్ 2.7 కంటే మంచి సాక్ష్యం లేదు. 2014 చివరిదాకా పైథాన్‌లో యూఆర్‌ఎల్‌లిబ్‌తో హెచ్‌టీటీపీఎస్ అడ్రసు తెరిస్తే అవతలివాడి సర్టిఫికెట్‌ని చూసేదే కాదు. ఎన్‌క్రిప్షన్ ఉండేది, ఎవరితో మాట్లాడుతున్నామో మాత్రం తెలిసేది కాదు. అప్పటికే బయటి ప్యాకేజీ అయిన రిక్వెస్ట్స్ సర్టిఫికెట్ చూసేది. 2.7లో కొత్త ఫీచర్లు చేర్చకూడదన్న సొంత నియమాన్ని పక్కనబెట్టి మరీ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌ని కొత్తది చేశారు, ఆ డిసెంబరులో 2.7.9తో తనిఖీని డిఫాల్ట్ చేశారు. వెంటనే సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్లున్న ఆఫీసు సర్వర్లన్నీ ఎర్రర్లు కొట్టడం, తనిఖీ ఆపే ఒక లైను నెట్‌లో వెతికి అతికించడం. నేనూ అతికించాను, అబద్ధమెందుకు. ఇవాళ్టికీ కోడ్ రివ్యూల్లో వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ (తనిఖీ ఆపేయమని చెప్పేది) కనిపిస్తే దాని వయసెంతో చెప్పగలను.

కానీ బయట పెట్టడం వల్ల వచ్చే కష్టం కొత్తగా వచ్చినవాళ్ల మీద పడుతుంది. పైథాన్‌లో ఏఈఎస్ కావాల్సిన కుర్రాడి వైపు నుంచి చూడండి. వెతికితే ముందు పైక్రిప్టో తగులుతుంది. దాని చివరి రిలీజ్ 2013 అక్టోబరులో. ఆ తర్వాత అందులో మెమరీ పొంగిపోయే లోపం ఒకటి బయటపడింది, సరిచేసిన రిలీజ్ మాత్రం రాలేదు. దాని బదులు వాడాల్సింది పైక్రిప్టోడోమ్. అది కూడా "క్రిప్టో" అనే పేరుతోనే ఇంపోర్ట్ అవుతుంది, మొదటి అక్షరం పెద్దది. చిన్న అక్షరంతో "క్రిప్టో" అని ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది దీనితో సంబంధం లేని ఇంకో ప్యాకేజీ. విండోస్‌లో ఈ రెండు ఫోల్డర్లకీ తేడా తెలియదు. వీటన్నిటికీ అవతల ఉంది మంచిది, క్రిప్టోగ్రఫీ అనే పేరుతో. ఇందులో ఏది అసలుదో చెప్పే బోర్డు ఎక్కడా లేదు. రస్ట్‌లో బోర్డు కొంచెం స్పష్టంగానే ఉంటుంది, కానీ 2025 మొదట్లో ఏం జరిగిందో చూడండి. చాలా ప్రోగ్రాముల టీఎల్‌ఎస్ కింద పునాదిలా ఉన్న రింగ్ అనే క్రేట్‌ని చూసుకునేవారు ఇక తన వల్ల కాదన్నారు, భద్రతా సూచనల జాబితాలో దాన్ని దిక్కులేనిదిగా రాశారు, తర్వాత రస్ట్‌లో టీఎల్‌ఎస్ లైబ్రరీ అయిన రస్ట్‌ఎల్‌ఎస్‌వాళ్లు కనీసం భద్రతా సవరణలు తాము చూస్తామని ముందుకొచ్చారు. అంతకాలం ఆ బరువంతా ప్రధానంగా ఒక్కరి భుజాల మీద ఉందన్నమాట.

కాబట్టి లోపలా బయటా అన్నదానికంటే ముందు అడగాల్సింది, దాన్ని రోజూ చూసుకునేదెవరు అని. గో విషయంలో నా సిద్ధాంతం కొంచెం తడబడుతుంది, ఒప్పుకుంటాను. వాళ్లు పనిముట్లన్నీ పైనే పెట్టారు: ఎండీ5, ఆర్‌సీ4, డీఈఎస్ లాంటి పాతబడ్డవి కూడా. 2012లో గో 1 వచ్చినప్పుడు పాత కోడ్ విరగనివ్వబోమని మాటిచ్చారు కాబట్టి అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, "విరిగిపోయింది, వాడొద్దు" అన్న హెచ్చరికతో. అయినా గో క్రిప్టో బాగానే నడుస్తోంది. ఒక కారణం, దాన్నే వృత్తిగా చూసుకునే మనుషులున్నారు, ఆరునెలలకో రిలీజ్ ఉంది. రెండో కారణం నాకు ఎక్కువ నచ్చుతుంది. స్టాండర్డ్ లైబ్రరీకి ఒక వసారా ఉంది, ఎక్స్ క్రిప్టో అని. కొత్తవి ముందు అక్కడ కూర్చుంటాయి. షా-3 (కొత్త హ్యాష్), హెచ్‌కేడీఎఫ్, పీబీకేడీఎఫ్2 (కీలు తయారుచేసేవి) ఏళ్ల తరబడి అక్కడే ఉండి, 2025 ఫిబ్రవరిలో 1.24తో లోపలికొచ్చాయి. వసారాలోంచి బయటికి పంపడమూ తేలికే. ఓపెన్‌పీజీపీని (మెయిళ్లు వగైరా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) 2021లో అలాగే ఇక చూసుకోబోమని చెప్పేశారు.

పనుల విషయంలో కూడా గోవాళ్లు గట్టిగానే ఉంటారు. టీఎల్‌ఎస్ 1.3లో ఏ సైఫర్ వాడాలో ఎంచుకునే వీలే మనకివ్వరు. పాత 1.0, 1.1లను 2022లో 1.18తో క్లయింటు వైపు, 2024లో 1.22తో సర్వర్ వైపు డిఫాల్ట్‌గా ఆపేశారు. మన పని గో కొత్త వెర్షన్‌కి మారడమే.

లోపల ఉన్నంత మాత్రాన లోపాలు రావని కాదు. 2022 ఏప్రిల్‌లో జావా 15 నుంచి 18 దాకా ఈసీడీఎస్‌ఏ అనే డిజిటల్ సంతకాల్లో బయటపడింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సంతకంలో రెండు సంఖ్యలుంటాయి, రెండూ సున్నాలు పెడితే చాలు, ఏ సందేశానికైనా ఎవరి కీకైనా "సరైనదే" అనేది. ఖాళీ చెక్కుని బ్యాంకు పాస్ చేసినట్టు. సీ++లో ఉన్న కోడ్‌ని జావాలోకి తిరగరాసేటప్పుడు, సున్నా కాకూడదన్న తనిఖీ జారిపోయింది. కాకపోతే మందు ఒకటే: జేడీకే (జావా కిట్) అప్‌డేట్ చేయండి. అదే లోపం ఏదో ప్యాకేజీలో ఉంటే, అది ఏ ప్రాజెక్టులో ఏ వెర్షన్‌లో దాక్కుందో వెతుక్కుంటూ ఉండేవాళ్లం. పైథాన్ 3.12లో హ్యాష్‌లిబ్ లోపలి సొంత కోడ్‌ని చాలావరకు తీసేసి, సరిగ్గా ఉందని గణితపరంగా నిరూపించిన హ్యాకిల్ స్టార్ కోడ్ పెట్టారు. ఎంతమంది గమనించారు? నేనూ రిలీజ్ నోట్స్ చదివితే తప్ప గమనించేవాణ్ణి కాదు.

నన్ను జాబితా రాయమంటే చాలా చిన్నది రాస్తాను. మొదటిది ఊహించలేని రాండమ్. ఇది లేకపోతే జనం పక్కనున్న తప్పుడుది వాడతారు, ఖాయంగా. పైథాన్ రాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్, వరసగా 624 పూర్తి (32 బిట్ల) సంఖ్యలు చూసినవాడు తర్వాతవన్నీ చెప్పేయగలడు. దాంతో ఓటీపీలు తయారుచేసిన కోడ్ నేను ఒకటి కంటే ఎక్కువ చోట్ల చూశాను. 2016 డిసెంబరులో 3.6తో సీక్రెట్స్ మాడ్యూల్ వచ్చాక కనీసం "ఇది వాడు బాబూ" అని చూపించడానికి ఒకటుంది. తర్వాత పాస్‌వర్డ్ హ్యాషింగ్, పట్టిన సమయాన్ని బట్టి రహస్యం లీక్ కాకుండా పోల్చడం, టీఎల్‌ఎస్, ఇంకా సీలు వేసి విప్పే ఒక జత ఫంక్షన్లు. పైథాన్‌లో బొత్తిగా లేనిది ఈ ఆఖరిదే. నేనైతే ఏఈఎస్ చేర్చమని అడగను, క్రిప్టోగ్రఫీ ప్యాకేజీలో ఉన్న ఫెర్నెట్ లాంటిది చేర్చమంటాను. కీ, బైట్లు ఇస్తే టోకెన్ వస్తుంది. లోపల ఏఈఎస్-128, దాని మీద షా-256తో హెచ్‌మ్యాక్ ఉన్నాయని మనకి తెలియక్కర్లేదు. టోకెన్ మొదటి బైటే వెర్షన్ నంబరు, రేపు మార్చాలన్నా దారుంది. అదే ప్యాకేజీలో విడి పనిముట్ల ఫోల్డర్‌కి హజ్‌మ్యాట్ అని పేరు పెట్టారు, హైవే మీద యాసిడ్ ట్యాంకర్ వెనక పుర్రె బొమ్మ వేసినట్టు.

పనిముట్లు అసలు వద్దనడం లేదు. అవతలివాళ్లు అడిగితే ఏం చేస్తాం? ఒక పేమెంట్ గేట్‌వే డాక్యుమెంట్‌లో కీ అంటే మా సీక్రెట్‌కి ఎండీ5, ఐవీ (ఎన్‌క్రిప్షన్ మొదట్లో ఇచ్చే బైట్లు) అంటే సున్నా నుంచి 15 దాకా వరుస బైట్లు అని రాసి ఉంది. పేరెందుకులెండి. అది తప్పని వాదిస్తే డబ్బులు రావు, రాసివ్వాల్సిందే. దానికి విడి సరుకు కావాలి, రెండో అరలో, పుర్రె బొమ్మ వెనక.

ఇప్పుడు మీ సీనియర్ గారి పథకం. కీనీ ఒక కౌంటర్‌నీ కలిపి షా-256 తీసి, వచ్చిన బైట్లతో సందేశాన్ని ఎక్సార్ చేయడం (బిట్‌కి బిట్ కలపడం, మళ్లీ కలిపితే విడిపోతుంది), అంతే కదా? చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పది లైన్లు. మొదటి సమస్య, ప్రతి సందేశానికీ కౌంటర్ సున్నా నుంచే మొదలైతే రెండు సందేశాలకీ ఒకే బైట్లు పడతాయి. ఆ రెంటినీ ఒకదానితో ఒకటి ఎక్సార్ చేస్తే కీ మొత్తం ఎగిరిపోయి రెండు సందేశాల తేడా చేతికొస్తుంది. దానికి నాన్స్ (ప్రతి సందేశానికీ మారే సంఖ్య) పెడతాం అంటారు, సరే. రెండోది చూడండి. సందేశంలో మొత్తం 1000 అని ఉందనుకుందాం. "1" అక్షరం హెక్స్‌లో 31, "9" అక్షరం 39. రెంటికీ తేడా ఒకే ఒక్క బిట్. దారిలో ఉన్నవాడు కీ తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయిన ఆ బైట్‌లో ఒక బిట్ తిప్పితే, మీరు విప్పినప్పుడు 9000 వస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. దానికి హెచ్‌మ్యాక్ కలుపుతాం అంటారు. అప్పుడు దేని మీద కలపాలి, నాన్స్‌ని కూడా చేర్చాలా, అదే కీ వాడొచ్చా, ఈక్వల్స్‌తో పోల్చొచ్చా అని ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయి. ఆ నాలుగూ సరిగ్గా రాస్తే మీరు ఫెర్నెట్ లాంటిదే రాసినట్టు, ఎవరూ పరీక్షించనిది.

ఆ శ్రమ సెక్యూరిటీ టీమ్‌కి రాసే ఒక మెయిల్ మీద పెట్టండి. ఒకే ఒక్క ప్యాకేజీ, క్రిప్టోగ్రఫీ, ఫలానా వెర్షన్, హ్యాష్‌తో సహా బిగించి, ఆఫీసు లోపలి మిర్రర్ (ప్యాకేజీల సొంత నకలు) నుంచి మాత్రమే ఇన్‌స్టాల్ చేస్తామని చెప్పండి. ఆ ప్యాకేజీ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని తనలోనే మోసుకొస్తుందని కూడా అందులో రాయండి. సర్వర్‌లో ఓఎస్ అప్‌డేట్ చేసినంత మాత్రాన అది మారదు, కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం బయటపడ్డ ప్రతిసారీ ఈ వెర్షన్ నంబరు మార్చేదెవరో ఒక పేరు ఆ మెయిల్‌లోనే ఉండాలి. వాళ్లు ముందు అడిగేది కూడా అదే.